సైన్, సైనస్: ఒక లాటిన్ మాట, రెండు తెలుగు ఆరోపాలు (కేస్ స్టడీ)

ఈసీజీ కాగితం పైభాగాన యంత్రమే అచ్చేసే ఒక మాట ఉంటుంది: 'నార్మల్ సైనస్ రిథమ్'. గుండె సక్రమమైన లయలో కొట్టుకుంటోందని దాని అర్థం. తెలుగు వాడుకలో సైనస్ అంటే ముక్కుకు సంబంధించింది ఒక్కటే. అదీ అవయవం పేరుగా కాదు, జబ్బు పేరుగా. 'ఆయనకు సైనస్ ఉంది, చన్నీళ్లు పడవు' అంటాం. అందుకే ఆ కాగితం చదువుకున్న మనిషి గుండె పరీక్షలో సైనస్ బయటపడిందనుకుంటే తప్పుపట్టడానికి లేదు. అదే ఇంట్లో పదో తరగతి పిల్ల 'సైన్ 30° = 1/2' అని రాసుకుంటూ ఉంటుంది. ఈ రెండూ ఒకే లాటిన్ మాట అని చెబితే ఇద్దరూ నమ్మరు.

తెలుగు విజ్ఞానశాస్త్ర పదకోశంలో ఈ రెండింటికీ ఆరోపాలు, అంటే మాటా దాని కింద ఇచ్చే అర్థవివరణా కలిసిన పద్దులు, ఎలా కట్టాలన్నదే ఇక్కడి కేసు. ఒక మాట రెండు శాస్త్రాల్లో ఉండటం మనకు కొత్త కాదు. కర్ణం అంటే చెవి, లంబకోణ త్రిభుజంలో పొడవైన భుజం కూడా. ఆ భుజం మళ్లీ చేతి మూపు. నాభి అంటే బొడ్డు, పరావలయానికి నాభి కూడా ఉంది. వీటితో ఎవరూ తికమకపడరు, ఎందుకంటే చెవి, కర్ణం ఒకే కాగితం మీద కలవవు. సైన్, సైనస్ కలుస్తాయి. కలిసే చోటు కూడా ఈసీజీయే. దాని సంగతి ముందుకు వెళ్లాక చెప్పుకుందాం.

లాటిన్ మాటకు అసలు అర్థం

ఏ ఆరోపమైనా మూలార్థం దగ్గర మొదలుపెట్టాలి. చాలాచోట్ల సైనస్ అంటే 'వంపు' అని ఒక్కమాటలో తేల్చేస్తారు. తప్పు కాదు గానీ చాలదు. రోమన్లు ఒంటికి చుట్టుకునే టోగా అనే బట్ట ఛాతీ ముందు వదులుగా వేలాడి సంచిలా ఏర్పడేది. ఆ మడతలో వస్తువులు దాచుకునేవారు. ఆ మడత పేరే సైనస్. దాని నుంచి రొమ్ము, ఒడి అనే అర్థాలు, భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అనే అర్థం వచ్చాయి. పర్షియన్ గల్ఫ్‌ను లాటిన్‌లో 'సైనస్ పెర్సికస్' అన్నారు.

తెలుగులో దీనికి దగ్గరి మాట ఒడి. తెలంగాణలో ఒడిబియ్యం పోసేటప్పుడు ఆడపడుచు కొంగును రెండు చేతులా పట్టి ముందుకు చాపుతుంది. బట్ట కిందికి జారి గుండ్రంగా బరువు పట్టి నిలుస్తుంది. బియ్యం పడే ఆ మడతా ఒడే, బిడ్డను కూర్చోబెట్టుకునే తల్లి ఒడీ ఒడే. లాటిన్ సైనస్ కూడా సరిగ్గా ఇంతే. ఇది మనసులో పెట్టుకుంటే శరీరశాస్త్రంలోని సైనస్‌లన్నీ ఒక్కసారిగా అర్థమవుతాయి: ఒకవైపు తెరుచుకుని, లోపల సంచిలా విచ్చుకున్న చోటు.

గణితంలోని సైన్ మాత్రం దీంతో అర్థం కాదు. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చేదానికి ఒడితో సంబంధమేమిటి? ఏమీ లేదు. ఆ మాట అక్కడికి అర్థాన్ని బట్టి రాలేదు, అక్షరాల దారిన వచ్చింది.

వింటినారి దగ్గర మొదలు

గీసి చూస్తే గాని ఇది తలకెక్కదు. 10 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. కేంద్రం దగ్గర 60° కోణం చేసే చాపం గుర్తుపెట్టి దాని రెండు కొనలను గీతతో కలపండి. ఇప్పుడు చాపం విల్లు, గీత వింటినారి. సంస్కృతంలో నారికి 'జ్యా', 'జీవా' అని పేర్లు. పొడవు కొలిస్తే 10 సెం.మీ. వస్తుంది. నారి మధ్యబిందువు నుంచి విల్లు నడిమి దాకా నిలువు గీత గీస్తే అది బాణం, అంటే శరం, దాదాపు 1.34 సెం.మీ. నారిలో సగం 5 సెం.మీ. ఆ సగాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే 0.5. అదే సైన్ 30°.

సాధారణంగా దొర్లే తప్పు ఇక్కడే ఉంది. చాపం 60° కాబట్టి ఇది సైన్ 60° అనుకుంటారు. సగం నారి సగం విల్లుకు చెందుతుంది. నారిని సగం చేసినప్పుడు కోణాన్నీ సగం చేయాలి.

గ్రీకులు పూర్తి నారితోనే లెక్కలు చేశారు. టాలెమీ వ్యాసార్ధాన్ని 60 భాగాలుగా తీసుకుని అర డిగ్రీకి ఒకటి చొప్పున 180° దాకా జ్యాల పట్టిక ఇచ్చాడు. గ్రీకులో ఆ గీత పేరు 'ఖోర్డే'. పేగును మెలిపెట్టి చేసిన తీగ అని అర్థం. గుండె కవాటాలను పట్టి ఉంచే 'కార్డే టెండినే' తీగల పేరులోనూ అదే మాట ఉంది కనుక అది కూడా రెండు శాస్త్రాల మాటే. దానికి వేరే ఆరోపం కావాలి, ఇక్కడ వదిలేస్తున్నాం.

భారతీయ జ్యోతిష గణితం సగం నారిని పట్టుకుంది. 499 నాటి ఆర్యభటీయంలో, గీతికాపాదంలో 24 అర్ధజ్యాల పట్టిక ఒక్క శ్లోకంలో ఉంది. 'మఖి భఖి ఫఖి ధఖి' అని మొదలవుతుంది. ఆర్యభటుడి అక్షరసంఖ్యా పద్ధతిలో క నుంచి మ దాకా 1 నుంచి 25. ఇకారం చేరితే నూరు రెట్లు. మ 25, ఖి 200, కలిపి 225. భ 24, ఖి 200, కలిపి 224. ఇలా 225, 224, 222, 219, 215, 210, 205, 199 అని తగ్గుతూ చివరకు 7 దాకా వస్తుంది.

ఈ అంకెలను నేరుగా జ్యాలుగా తీసుకుంటే బోల్తా పడతాం. ఇవి జ్యాల మధ్య తేడాలు. ఒక్కో మెట్టు 3°45'. కూడుకుంటూ పోవాలి. 30° అంటే ఎనిమిది మెట్లు. పై ఎనిమిది అంకెల మొత్తం 1719. ఇరవైనాలుగూ కలిపితే 3438, అదే వ్యాసార్ధం. 1719 సరిగ్గా అందులో సగం. ఈ 3438 ఎక్కడిదంటే, వృత్తపు చుట్టుకొలతను 21,600 కళలుగా (డిగ్రీకి 60 చొప్పున) తీసుకుని రెండు పైలతో భాగిస్తే వచ్చే విలువను దగ్గరి పూర్ణాంకానికి సవరించింది. ఎంత శుభ్రంగా కుదిరిన పట్టికో కూడి చూసినవాళ్లకే తెలుస్తుంది. పన్నెండు మెట్లకు, అంటే 45°కి, 2431 వస్తుంది. ఈనాటి విలువను 3438తో గుణించినా అంతే.

అయితే ఆర్యభటుడి జ్యా ఒక పొడవు, ఈనాటి సైన్ ఒక నిష్పత్తి. 'ఆర్యభటుడి ప్రకారం సైన్ 30° = 1719' అని రాయడం ఈ విషయంలో తరచూ అచ్చయ్యే తప్పు. వ్యాసార్ధంతో భాగించాకే అది సైన్ అవుతుంది.

'అర్ధజ్యా' పలకడానికి పొడవు. వాడుకలో 'అర్ధ' రాలిపోయి జ్యా, జీవా మిగిలాయి. ఆ జీవా అనే రూపమే ప్రయాణం కట్టింది.

జీమ్, యా, బా

8వ శతాబ్దంలో భారతీయ ఖగోళ గ్రంథాలు బాగ్దాద్ చేరి అరబ్బీలోకి వెళ్లాయి. పారిభాషిక పదాన్ని అనువదించకుండా శబ్దాన్నే తీసుకున్నారు. ఆ క్రమంలో వకారం బకారమైంది. జీవా కాస్తా 'జీబా' అయింది.

తెలుగు లిపి అలవాటైన కంటికి తర్వాత జరిగింది వింతగా తోస్తుంది. మనకు గుణింతం తప్పించుకోలేనిది. జీ, జే, జై వేర్వేరు రూపాలు. అరబ్బీ రాతలో మామూలుగా హల్లులే ఉంటాయి, పొట్టి అచ్చులు రాయరు. జీమ్, యా, బా అనే మూడు అక్షరాలను 'జీబ్' అనీ చదవవచ్చు, 'జైబ్' అనీ చదవవచ్చు. మొదటిదానికి అరబ్బీలో అర్థం లేదు. రెండోది అందరికీ తెలిసిన మాట: చొక్కా మెడ దగ్గరి చీలిక, రొమ్ము మీది బట్ట మడత, ఆ మడతలోని సంచి. తెలిసిన మాట కనిపిస్తే కన్ను దాన్నే చదువుతుంది. అరబ్బీ గణితంలోనే ఆ పదం జైబ్‌గా స్థిరపడింది.

ఆ జైబే పారసీకం, ఉర్దూ మీదుగా తెలుగులోకి 'జేబు'గా వచ్చింది. మనం చిల్లర వేసుకునే జేబు. ఈ కేసులో అన్నిటికంటే బలంగా నిలిచే సాక్ష్యం ఇదే. జ్యా, జేబు, సైన్, సైనస్ నాలుగూ ఈనాటి తెలుగులో బతికే ఉన్నాయి. ఆ గొలుసులోని ప్రతి మెట్టుకూ మన దగ్గర ఒక మాట ఉంది. కానీ ఒక జాగ్రత్త. 'జ్యా నుంచి జేబు పుట్టింది' అని రాయకూడదు. జైబ్ అరబ్బీ సొంత మాట. జ్యాతో దానికి చుట్టరికం లేదు. రెండూ ఒకే రాతరూపంలో ఎదురుపడ్డాయి, అంతే.

12వ శతాబ్దంలో అరబ్బీ గ్రంథాలు లాటిన్‌లోకి వెళ్లినప్పుడు జైబ్‌ను సైనస్ అని అనువదించారు. ఈ పని చేసింది ఎవరన్నదానికి క్రెమోనాకు చెందిన గెరార్డ్, చెస్టర్‌కు చెందిన రాబర్ట్ ఇద్దరి పేర్లూ వినిపిస్తాయి. ఆరోపంలో '12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు' అని ఆగిపోవడం మేలు.

ఈ అనువాదాన్ని పొరపాటు అని చెప్పడం అలవాటైపోయింది. అది అన్యాయం. జైబ్ అంటే బట్ట మడత. సైనస్ అంటే బట్ట మడత. అంతకన్నా మంచి లాటిన్ మాట దొరకదు. జారుపాటు జరిగింది దానికి చాలా ముందు, అచ్చులు లేని రాతలో. అనువాదకుడు తన ముందున్న మాటను నిజాయితీగా అనువదించాడు. ఆ మాట వెనుక ఇంకో భాష ఉందని తెలిసే వీలు అతనికి లేదు. ఈనాటి అరబ్బీలో కూడా సైన్ జైబే, ముక్కు సైనస్‌లు దాని బహువచనమైన 'జుయూబే'. అంటే లాటిన్‌లో కలిసిన రెండు అర్థాలు అరబ్బీలోనూ కలిసే ఉన్నాయి.

ఇంకో వివరణ కూడా అక్కడక్కడా కనిపిస్తుంది: సైనస్ అంటే వంపు, సైన్ తరంగం వంపుగా ఉంటుంది, అందుకే ఆ పేరు అని. కాలక్రమం ఒప్పుకోదు. పేరు పెట్టింది 12వ శతాబ్దంలో. సైన్‌ను వక్రరేఖగా గీసి చూడటం యూరప్‌లో 17వ శతాబ్దపు పని. పేరు పెట్టిననాడు వాళ్ల ముందు ఉన్నది సగం నారి, నిటారు గీత. అందులో వంపే లేదు. కొసైన్ సంగతి తేలిక: సంస్కృత కోటిజ్యాకు సమానమైన పూరకకోణపు సైన్‌ను ఎడ్మండ్ గుంటర్ 1620లో 'కో-సైనస్' అని కుదించి రాశాడు.

శరీరంలో సైనస్

ఇప్పుడు రెండో ఆరోపం. శరీరశాస్త్రం ఈ మాటను అసలు అర్థంలోనే తీసుకుంది, గణితం మీదుగా కాదు. గ్రీకులో 'కోల్పోస్' అనే మాటకూ బట్ట మడత, రొమ్ము, అఖాతం అనే అర్థాలే ఉన్నాయి. సైనస్ దానికి సరిజోడు.

ముక్కు చుట్టూ ఉన్నవి నాలుగు జతలు: నుదుట, చెక్కిలి ఎముకలో, కళ్ల మధ్య, పుర్రె లోతట్టున. అన్నీ ముక్కులోకి తెరుచుకుంటాయి. పెద్దవాళ్లలో చెక్కిలి ఎముకలోది అన్నిటికన్నా పెద్దది, సుమారు 15 మి.లీ. పడుతుంది. దాని ద్వారం అడుగున కాకుండా పైన ఉండటం వల్ల నిటారుగా కూర్చున్నప్పుడు చీము తనంతట కిందికి కారిపోదు. తెలుగు పత్రికలు వీటిని 'గాలి గదులు' అంటాయి. మంచి మాట, నిలబెట్టాలి.

కానీ సైనస్ అన్నచోటల్లా గాలి గది అని రాస్తే ప్రమాదం. మెదడు పొరల్లోని సైనస్‌లలో ఉండేది చెడు రక్తం. అక్కడ గడ్డ కడితే అది పక్షవాతం తరహా అత్యవసర స్థితి. ఆ స్కాన్ రిపోర్టులో 'సైనస్ థ్రాంబోసిస్' చూసి ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్తే విలువైన గంటలు పోతాయి. మెడలోని కరోటిడ్ సైనస్ గది కాదు, ధమని మొదట్లో చిన్న ఉబ్బు. రక్తపోటును పసిగట్టే నాడులు అక్కడున్నాయి. మహాధమని మొదట్లో మూడు సైనస్‌లు ఉంటాయి. వాటిలో రెండింటి నుంచి గుండె సొంత ధమనులు బయలుదేరుతాయి. పిరుదుల చీలిక దగ్గర వచ్చే పైలోనైడల్ సైనస్ అసలు అవయవమే కాదు, చర్మం కిందికి దిగి లోపలి కొన మూసుకున్న దారి. ఆయుర్వేదం అలాంటిదాన్ని నాడీవ్రణం అంది.

తెలుగు మాధ్యమ జంతుశాస్త్రం ఈ చిక్కును ముందే గమనించింది. బొద్దింక పాఠంలో రక్తం నిండిన సైనస్‌లు 'కోటరాలు': హృదయావరణ కోటరం వగైరా. కోటరం అంటే చెట్టు తొర్ర. కప్ప గుండెలోని 'సైనస్ వీనోసస్' అయితే 'సిరాసరణి'. సిరలు తెచ్చిన రక్తం చేరే దారి అన్నమాట. ఒకే లాటిన్ మాటకు చోటునుబట్టి రెండు తెలుగు మాటలు చేయడం మంచి తీర్పు.

ఆ సిరాసరణే 'సైనస్ రిథమ్' రహస్యం. పిండదశలో మనిషి గుండెకూ సిరాసరణి ఉంటుంది. ఎదిగేకొద్దీ దాని కుడి కొమ్ము కుడి కర్ణిక గోడలో కలిసిపోతుంది. ఊర్ధ్వ బృహత్సిర కర్ణికలో కలిసేచోట గుండె లయకు మూలమైన చిన్న కణుపు ఉంది. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ 1907లో దాన్ని వర్ణించారు. సిరాసరణికి, కర్ణికకు మధ్య ఉంది కాబట్టి అది 'సైనో-ఏట్రియల్ నోడ్'. తెలుగు పాఠ్యపుస్తకాల్లో 'సిరాకర్ణికా కణుపు'. విద్యుత్ సంకేతం అక్కడ పుడితే అది సైనస్ రిథమ్. ముక్కు ఎక్కడా లేదు.

కాగితం మీద దాన్ని పోల్చుకునే విధానం: ప్రతి క్యూఆర్ఎస్‌కు (గుండె కింది గదుల సంకేతమైన సూదిలాంటి గీతకు) ముందు ఒక పీ తరంగం (పై గదుల సంకేతమైన చిన్న గుబ్బ) ఉండాలి, రెండో లీడ్‌లో అది పైకి, ఏవీఆర్ లీడ్‌లో కిందికి ఉండాలి (లీడ్ అంటే గుండె విద్యుత్తును ఒక దిక్కు నుంచి చూపే గీత), వేగం నిమిషానికి 60 నుంచి 100. కాగితం సెకనుకు 25 మి.మీ. నడిస్తే పెద్ద గడి 0.2 సెకన్లు. లయ క్రమంగా ఉన్నప్పుడు రెండు క్యూఆర్ఎస్‌ల మధ్య నాలుగు పెద్ద గడులుంటే 300ను 4తో భాగించండి: 75.

ఇక సైన్, సైనస్ ఎదురుపడే చోటు. రక్తంలో పొటాషియం బాగా పెరిగితే (మామూలు స్థాయి లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్) ముందు క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే టీ తరంగం సూదిగా లేస్తుంది, పీ చదునై మాయమవుతుంది, క్యూఆర్ఎస్ వెడల్పై చివరకు టీతో కలిసిపోతుంది. కాగితం మీద మిగిలేది నున్నగా లేస్తూ పడుతూ పోయే ఒకే గీత. దాని పేరు 'సైన్ వేవ్ ప్యాటర్న్'. గుండె ఏ క్షణమైనా ఆగిపోయే దశ అది. ఒకే యంత్రం, ఒకే కాగితం: 'సైనస్' ఉంటే లయ సరైన చోటే పుడుతున్నట్టు, 'సైన్' ఉంటే ప్రాణాపాయం. నర్సుల శిక్షణ పత్రంలో 'సైనస్ రిథమ్'ను 'సైన్ రిథమ్' అని దించితే ఎంత తేడా వస్తుందో చెప్పనక్కరలేదు. ఒక్క 'స్' అక్కడ ప్రాణం కాపాడే అక్షరం.

బాణం కూడా దొరికింది

పుర్రె నడినెత్తి కింద ముందు నుంచి వెనక్కి సాగే పెద్ద సిరాకోటరం పేరు 'సుపీరియర్ సాజిటల్ సైనస్'. సాజిటల్‌లో ఉన్నది లాటిన్ 'సజిట్టా', అంటే బాణం. వృత్తంలో నారి నుంచి విల్లు నడిమి దాకా గీసిన గీతకు కూడా లాటిన్‌లో సజిట్టా అనే పేరు. సంస్కృత శరం, అరబ్బీ 'సహ్మ్', లాటిన్ సజిట్టా మూడూ బాణాలే. చూడండి, నారి దారిలో అర్థం మారిపోయింది గానీ బాణం మూడు భాషల్లోనూ బాణంగానే గురి చేరింది. కారణం, దాన్ని శబ్దంగా కాక అర్థంగా అనువదించారు. అయితే ఈ సిరాకోటరం పేరులో సజిట్టా, సైనస్ పక్కపక్కనే ఉన్నా అవి గణితం నుంచి రాలేదు. అవి పుర్రె అతుకు ఆకారం నుంచి, రక్తం నిలిచే ఒడి నుంచి వచ్చాయి.

ఆరోపాలు కట్టిన తీరు

తెలుగు లిపిలో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషులో 'సంతకం, గుర్తు' అనే అర్థమున్న మాటనూ మనం 'సైన్' అనే రాస్తాం. సైన్ బోర్డు, వైటల్ సైన్స్. ఆ బహువచనం మళ్లీ విజ్ఞానశాస్త్రం అనే అర్థపు సైన్స్‌తో కలుస్తుంది. అందువల్ల గణితంలో 'సైన్' ఒంటరిగా రాయకూడదు. కోణంతోనో, 'ప్రమేయం', 'తరంగం', 'నియమం' అనే మాటతోనో జతచేయాలి. బహువచనం అసలు చేయకూడదు; 'సైన్ విలువలు' అనాలి.

హిందీ ప్రతిని చూసి తెలుగు చేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక. హిందీలో సైన్‌కు జ్యా అంటారు, వృత్తంలోని పూర్తి గీతకు జీవా అంటారు. తెలుగు పాఠాల్లో జ్యా అంటే పూర్తి గీతే. హిందీ జ్యాను తెలుగులో జ్యాగా ఉంచేస్తే పిల్లలకు విలువ రెండింతలవుతుంది, కోణమూ తప్పుతుంది.

ఇవన్నీ చూశాక నిలిచిన రూపాలు ఇవి.

సైన్: (గణితం) లంబకోణ త్రిభుజంలో ఒక లఘుకోణపు ఎదుటి భుజానికి, కర్ణానికి గల నిష్పత్తి. సంస్కృత జీవా, అరబ్బీలో జీబాగా రాసి జైబ్‌గా చదివిన రూపం, దాని లాటిన్ అనువాదం సైనస్. జ్యా చూ. జేబు చూ.

సైనస్: (శరీరశాస్త్రం) 1. ఎముకలోని గాలి గది. 2. రక్తం చేరే కోటరం. 3. రక్తనాళంలో ఉబ్బు. 4. ఒకవైపే తెరుచుకున్న చీముదారి; నాడీవ్రణం. లాటిన్‌లో బట్ట మడత, ఒడి. వాడుకలో గాలి గదుల వాపుకూ ఇదే పేరు. సైనస్ రిథమ్: సిరాకర్ణికా కణుపు నుంచి నడిచే గుండె లయ, రోగికి చెప్పేటప్పుడు 'గుండె లయ పుట్టాల్సిన చోటే పుడుతోంది' అనాలి.

సైనసాయిడ్ ఒక్కటి రెండు ఆరోపాల్లోనూ పడుతుంది. గణితంలో అది సైన్ వక్రం, కాలేయంలో అది గోడల్లో ఖాళీలున్న, మామూలు కేశనాళిక కన్నా వెడల్పైన సన్న రక్తనాళం. 'సైనస్ లాంటిది' అని రెండింటికీ ఒకే విగ్రహవాక్యం, కానీ ఆ సైనస్‌లు వేరు. గణితంలో దాన్ని పూర్తిగా మానేసి 'సైన్ వక్రం' అని, కాలేయంలో మాత్రమే 'సైనసాయిడ్' అని ఉంచాం.